పతకం మీద లేని తల్లి

పతకం అనగానే మన ఆడవాళ్ళకి ముందు గుర్తొచ్చేది గొలుసుకి వేలాడే పతకం. రాళ్ళు మంచివేనా, కూలి ఎంత పడింది, తరుగు ఎంత తీశాడు... ఇవీ మనం అడిగే ప్రశ్నలు. దానిమీద బొమ్మేమిటని ఎవరం పెద్దగా పట్టించుకోం. లక్ష్మీదేవో, నెమలో, ఏదో ఒకటి ఉంటుందిలే అనుకుంటాం.

మన అమ్మమ్మల కాలంలో కొందరు కాసులపేరుకి అచ్చమైన ఇంగ్లీషు సవరన్లు గుచ్చుకునేవారు. ఒకవైపు విక్టోరియా రాణి తలో, జార్జి రాజు తలో ఉండేది. చాలావాటికి రెండోవైపు గుర్రంమీద ఒక వీరుడు, ఆ గుర్రం కాళ్ళకింద ఒక రాక్షస సర్పం. ఆ వీరుడు సెంట్ జార్జి. ఇంగ్లండు దేశాన్ని కాపాడే పుణ్యపురుషుడని వాళ్ళ నమ్మకం. 1817లో పిస్ట్రూచీ అనే ఇటలీ శిల్పి చెక్కిన బొమ్మ అది. దాన్ని మెడలో వేసుకునే మన ముత్తయిదువలు పేరంటాలకి వెళ్ళారు, వరలక్ష్మీ వ్రతాలు చేసుకున్నారు. “ఈ గుర్రంమీది పెద్దమనిషి ఎవరమ్మా?” అని ఒక్కరైనా అడిగి ఉంటారా? బంగారం మేలిమిదైతే చాలు గదా!

ఇందులో వాళ్ళని తప్పుపట్టడానికి ఏమీ లేదు. లోహంమీద బొమ్మకున్న మహత్తే అది. గోడమీద పోస్టరు వానకి తడిసి ఊడిపోతుంది. పత్రికలో బొమ్మ నెల తిరక్కుండా పకోడీల పొట్లమైపోతుంది. పతకం అలా కాదు. దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య దాస్తాం. పిల్లలు ముట్టుకుంటే కోప్పడతాం. తరవాత కోడలికిస్తాం, ఆమె తన కోడలికిస్తుంది. చూడ్డం మానేసినా దాచడం మానం. అంచేత బొమ్మ చెప్పే మాట, ఎవరూ వినిపించుకోకపోయినా, ఇంట్లో కాపరం చేస్తూనే ఉంటుంది.

యుద్ధాలు చేసేవాళ్ళకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. మొదటి ప్రపంచయుద్ధం నాటి పతకాలు చూస్తే నాకలాగే అనిపించింది. వాటిని నేను చరిత్రకారుల్లాగా చూడలేను. కథలు రాసుకునేదాన్ని కనక కథల్ని చూసినట్టే చూస్తాను. ఇందులో పాత్రలెవరు, చెబుతున్నదెవరు, చెప్పకుండా దాటేసింది ఏమిటి అని.

మా అక్కయ్య కొడుకొకడు లండన్‌లో ఉంటాడు. వాడికి పాత నాణాల పిచ్చి. ఓసారి సెలవులకి వచ్చినప్పుడు చిన్న అట్టపెట్టె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“పిన్నీ, నువ్వు కథలు రాస్తావుగా! ఇందులో కథేమిటో చెప్పు చూద్దాం” అన్నాడు.

పెట్టె మూతమీద పెద్ద ఓడ బొమ్మ. లోపల నల్లటి ఇనప బిళ్ళ, రెండంగుళాలకి కాస్త పైన ఉంటుంది. దాంతోపాటు మడతపెట్టిన కాగితం. కాగితం పక్కన పెట్టేశాను. నవలకైనా సరే ముందుమాట చివర చదవడమే నా అలవాటు. ముందుమాట రాసినాయన మనం ఏమనుకోవాలో ముందే చెప్పేస్తాడు. ఆ తరవాత మన కళ్ళు మనవి కావు.

బిళ్ళకి ఒకవైపు ఓడ మునిగిపోతోంది. దాని డెక్కుమీద ఫిరంగులు, విమానాలు కుప్పపోసినట్టున్నాయి. పైన జర్మన్ భాషలో ఎత్తిపొడుపు మాట. ‘నిషిద్ధ సరుకేమీ లేదు!’ అని దానర్థం. కింద ఆ ఓడ పేరు, లూసిటానియా. జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచిందని రాసి, తేదీ వేశారు.

రెండోవైపు టిక్కెట్ల కిటికీ ఉంది. కిటికీ ముందు జనం తోసుకుంటున్నారు. లోపల కూచుని టిక్కెట్లిస్తున్నది గుమాస్తా కాదు, ఒక అస్థిపంజరం! జనంలో ఒకడు పేపరు చదువుతున్నాడు. అందులో జలాంతర్గాముల వల్ల ప్రమాదం అనే వార్త. పొడుగు టోపీ పెట్టుకున్న గడ్డంమనిషి వేలెత్తి హెచ్చరిస్తున్నాడు. ఎవరూ వినడం లేదు. పైన ‘అన్నిటికంటే వ్యాపారమే మిన్న’ అని రాసి ఉంది. జర్మన్ల దేశభక్తి గీతమొకదాన్ని వెక్కిరింపుగా గుర్తుకుతెచ్చే మాటలవి.

ఇదీ బొమ్మ. ఇక జరిగిందేమిటో చూద్దాం.

లూసిటానియా క్యూనార్డ్ అనే ఇంగ్లీషు కంపెనీవారి ప్రయాణీకుల ఓడ. 1915 మే 1న న్యూయార్క్‌లో బయల్దేరి లివర్‌పూల్‌కి వస్తోంది. అప్పటికి యుద్ధం మొదలై తొమ్మిది నెలలైంది. ఇంగ్లీషు జెండా ఎగరేసే ఓడల్లో ప్రయాణం చేస్తే ఆ పూచీ మీదేనని జర్మన్ రాయబార కార్యాలయం అమెరికా పేపర్లలో ప్రకటన వేయించింది. ఆ ఓడ బయల్దేరే రోజునే అది అచ్చయింది. వేలెత్తిన పొడుగు టోపీ ఆయన జర్మన్ రాయబారి అని చెబుతారు. మే 7 మధ్యాహ్నం ఐర్లండు దక్షిణ తీరానికి దగ్గర్లో జర్మన్ జలాంతర్గామి ఒక్క టార్పెడో వేసింది. పద్ధెనిమిది నిమిషాల్లో ఓడ మునిగిపోయింది. పద్ధెనిమిది నిమిషాలంటే ఎంతసేపు? ఎసట్లో పోసిన బియ్యం ఉడికేంతసేపు. ఆ కాసేపట్లో దాదాపు 1,200 మంది పోయారు. అందులో 128 మంది అమెరికా వాళ్ళు. తల్లులూ, చంటిపిల్లలూ కూడా ఎంతోమంది ఉన్నారు.

మరి నిషిద్ధ సరుకు మాటేమిటి? ఓడలో ఫిరంగులూ లేవు, విమానాలూ లేవు. అయితే తుపాకి తూటాలున్నాయి, నలభై లక్షలకు పైగా. ఓడ సరుకుల పట్టీలోనే ఉన్నాయి. పతకం చేసినవాడు ఉన్నదానికి పదింతలు కల్పించాడు. అవతలివాళ్ళు ఉన్నదాన్ని నోటితో ఒప్పుకోవడానికే ఇష్టపడలేదు. యుద్ధంలో నిజం గతి ఎప్పుడూ ఇంతే. ఒకరు దాన్ని బుడగలా ఊదుతారు, ఇంకొకరు దాన్ని కొంగుచాటున దాస్తారు.

ఈ పతకం చేసినాయన పేరు కార్ల్ గోట్జ్. మ్యూనిక్ నగరంలో పతకాలు చేసుకు బతికే శిల్పి. ప్రభుత్వం అడిగి చేయించింది కాదిది. తన ఉక్రోషం కొద్దీ తనే చేసి అమ్ముకున్నాడు. మొదట చేసినవి కొన్ని వందలే అంటారు.

పనితనం మాటకొస్తే గోట్జ్ సామాన్యుడు కాడు. అరచెయ్యంత కూడా లేని చోట అంత జనాన్నీ, అంత హడావిడినీ ఇమిడ్చాడు. చూసినవాడికి ఒక్క క్షణంలో కథంతా తెలిసిపోతుంది. కార్టూనిస్టుకి ఉండాల్సిన కత్తిలాంటి చూపుంది ఆయనకి. కాని, నా అభ్యంతరం ఆ అస్థిపంజరం దగ్గరే.

ఐరోపాలో మృత్యువుని అస్థిపంజరంగా వెయ్యడం పాత సంప్రదాయం. జర్మన్ చిత్రకారుడు హోల్‌బైన్ పదహారో శతాబ్దంలో ఒక బొమ్మల వరస గీశాడు. అందులో అస్థిపంజరం రాజు దగ్గరికీ వస్తుంది, మతాచార్యుడి దగ్గరికీ వస్తుంది, పొలం దున్నుకునే రైతు దగ్గరికీ వస్తుంది. ధనవంతుడనీ, దరిద్రుడనీ చూడదు. మన యమధర్మరాజు కూడా అంతే కదూ! ఆయన పేరులోనే ధర్మం ఉంది. ఎంత గొప్పవాడైనా ఆయన దగ్గర సిఫార్సు పనికిరాదు. ఆ బొమ్మలు చూసినవాడికి, ‘నేను కూడా ఒకనాటికి పోయేవాణ్ణే’ అన్న భయం కలగాలి. ఆ భయంలోంచి కాస్త వినయం, కాస్త దయ పుట్టాలి. సంప్రదాయం ఉద్దేశం అది.

గోట్జ్ ఏం చేశాడు? యముడికి శత్రువు కంపెనీలో గుమాస్తా ఉద్యోగం వేయించాడు! అందరికీ సమానమైన మృత్యువు ఒక పక్షం మనిషైపోయింది. ఇప్పుడా బొమ్మ చూసే జర్మన్‌కి భయం వెయ్యదు. ‘వాళ్ళ చావు వాళ్ళే కొనుక్కున్నారు’ అనిపిస్తుంది. ప్రచారం అంటే నాకు తోచిన అర్థం ఇదే. పాత బొమ్మనే తీసుకుంటుంది, అందులోంచి చూసేవాడి వాటా తీసేస్తుంది.

ఇక్కడినుంచి కథ అడ్డం తిరుగుతుంది. ఈ పతకం ఒకటి ఎలాగో ఇంగ్లండు చేరింది. అక్కడి ప్రచారశాఖ పెద్దలకి నిధి దొరికినట్టయింది. లండన్‌లో పెద్ద బజారులాంటి దుకాణం నడిపే సెల్ఫ్రిడ్జ్ గారిచేత అచ్చంగా అలాంటివే పోత పోయించారు. కొన్ని వందలు కావు. రెండున్నర లక్షల నుంచి మూడు లక్షల దాకా! అట్టపెట్టెలో పెట్టి ఒక్కొక్కటి షిల్లింగుకి అమ్మారు. ఆ డబ్బు రెడ్‌క్రాసుకీ, యుద్ధంలో కళ్ళు పోగొట్టుకున్న సైనికుల సంరక్షణకీ వెళ్ళింది. మావాడు నా చేతిలో పెట్టింది ఆ నకళ్ళలో ఒకటి. ఎలా తెలుస్తుందంటే, గోట్జ్ తన పతకం మీద నెల పేరు జర్మన్ పద్ధతిలో ‘మాయ్’ అని వేశాడు. నకలు చేసినవాళ్ళు అలవాటు కొద్దీ ఇంగ్లీషులో ‘మే’ అని వేసేశారు. ఒక్క అక్షరం తేడా.

అప్పుడు తీశాను మడతపెట్టిన కాగితం. మన పక్కింటివాళ్ళు మన ఇంట్లో మాటని వీధిలో ఎలా చెబుతారో అలా ఉందది. మునిగిన ఓడ వివరాలు, పోయిన ప్రాణాల లెక్క, ఆ తరవాత ఇలాంటి ఘోరాన్ని జర్మనీ మెచ్చుకుని ప్రోత్సహిస్తోందనడానికి ఈ పతకమే రుజువని ముక్తాయింపు. ఒక శిల్పి సొంతానికి చేసుకున్నాడన్న ముక్క లేదు. దేశమంతా పండగ చేసుకుని పంచిపెట్టిందన్నట్టే అర్థమవుతుంది.

దానికి తోడు ఇంకో చిత్రం. పతకం మీద తేదీ మే 5 అని ఉంది. ఓడ మునిగింది 7న. గోట్జ్ ఏదో పేపరు చూసి పొరబాటు పడ్డానని తరవాత చెప్పుకున్నాడు, తేదీ దిద్ది మళ్ళీ చేశాడు కూడా. కాని ఈలోగానే ఇంగ్లండులో, ‘చూశారా! ముంచడానికి రెండు రోజుల ముందే పతకం సిద్ధం చేసుకున్నారు’ అన్నారు. అచ్చుతప్పు కుట్ర అయిపోయింది. చివరికి 1917లో బవేరియా అధికారులే ఈ పతకాన్ని నిషేధించి, దొరికినవాటిని స్వాధీనం చేసుకోమన్నారు. శత్రువుని వెక్కిరించడానికి చేసిన బొమ్మ శత్రువుకే వరమైంది మరి!

నన్ను ఆలోచనలో పడేసిన సంగతి వేరే ఉంది. బొమ్మలో ఒక్క గీత మారలేదు. అదే ఓడ, అదే అస్థిపంజరం, అదే కిటికీ. మ్యూనిక్‌లో అది ఇంగ్లీషువాళ్ళ దురాశకి సాక్ష్యం. లండన్‌లో అది జర్మన్ల రాక్షసత్వానికి సాక్ష్యం. పక్కనున్న కాగితం మారితే చాలన్నమాట! మరి రెండువైపులా అంత సులువుగా ఒదిగిపోయిన ఆ బొమ్మలో ఏదో లోపం ఉండాలి గదా?

ఉంది. ఆ బొమ్మలో చనిపోయినవాళ్ళు లేరు.

ఓడమీద ఫిరంగి కనిపిస్తుంది, విమానం కనిపిస్తుంది. బిడ్డని ఎత్తుకున్న తల్లి కనిపించదు. ఆ పద్ధెనిమిది నిమిషాల్లో ఆమె ఏం చేసిందో కనిపించదు. ఆమెని చూపించి ఉంటే గోట్జ్ వెక్కిరింపు సాగేది కాదు. ఆమెని చూస్తూ ‘అన్నిటికంటే వ్యాపారమే మిన్న’ అని ఎవరూ నవ్వలేరు. ఇంగ్లీషువాళ్ళయినా అంతే. ఆమెకోసం ఏడ్చే తీరిక వాళ్ళకి లేదు. ఆమె చావుని చూపించి కొత్తవాళ్ళని సైన్యంలో చేర్చుకోవాలి. ఆమె కనబడకపోతేనే ఇద్దరికీ సదుపాయం.

పోనీ, ఈ యుద్ధపతకాల్లో స్త్రీలే ఉండరా అంటే, ఎందుకుండరు? కావలసినంతమంది ఉన్నారు. అయితే రెండే వేషాలు. ఒకటి దేవత వేషం. రెక్కలు కట్టుకుని విజయలక్ష్మిగా నిలబడుతుంది. రెండోది ఆర్తనాదం చేసే అబల వేషం. ఆమెని చూపించి మగవాడికి రోషం తెప్పిస్తారు. యుద్ధం అయ్యాక 1920లో ఇదే గోట్జ్ మరో పతకం చేశాడు. అప్పుడు రైన్ నదీ తీరాన్ని ఫ్రెంచి సైన్యం ఆక్రమించుకుని ఉంది. అందులో ఆఫ్రికానుంచి తెచ్చిన నల్లజాతి సైనికులు కొందరున్నారు. పతకానికి ఒకవైపు అలాంటి సైనికుడి ముఖం, మనిషి ముఖమనిపించనంత వికారంగా చెక్కాడు. రెండోవైపు కట్టేసిన తెల్లజాతి స్త్రీ. ఆమెని దేనికి కట్టేశాడో కుటుంబపత్రికలో రాయడానికి నాకు కలం సాగదు. స్త్రీ మానం పేరుచెప్పి స్త్రీ బొమ్మనే అంత హీనంగా వేశాడు! ఆడదాని గౌరవం కోసం గుండెలు బాదుకునే బొమ్మల్ని ఒకటికి రెండుసార్లు చూడాలని నాకు నేర్పింది ఈ పతకమే.

ఇవన్నీ కోపంతో చేసినవి, సరే. దుఃఖంతో చేసినవైనా మెరుగ్గా ఉంటాయా?

అదే యుద్ధంలో చనిపోయిన ప్రతి సైనికుడి కుటుంబానికీ ఏదైనా జ్ఞాపిక ఇవ్వాలని ఇంగ్లీషు ప్రభుత్వం అనుకుంది. 1917లో పోటీ పెట్టింది. ఎనిమిది వందలకు పైగా నమూనాలొచ్చాయి. బహుమతి లివర్‌పూల్ శిల్పి ఎడ్వర్డ్ కార్టర్ ప్రెస్టన్‌కి వచ్చింది. లూసిటానియా ఏ ఊరికి చేరకుండానే మునిగిపోయిందో ఆ లివర్‌పూలే. కంచుతో చేసిన గుండ్రటి ఫలకం, కాఫీ కప్పుకింద సాసరంత ఉంటుంది. పదమూడున్నర లక్షలు తయారుచేశారు. స్త్రీల పేరుమీద ఇచ్చినవి ఆరు వందల వరకూ.

దానిమీద వాళ్ళ దేశమాత బ్రిటానియా నిలబడి ఉంటుంది. పక్కన సింహం. సముద్రబలానికి గుర్తుగా రెండు డాల్ఫిన్ చేపలు. బ్రిటానియా చాచిన చేతిలో పూదండ. దానికింద చిన్న పలక, ఆ పలకలో చనిపోయినవాడి పేరు. హోదా లేదు, బిరుదు లేదు. సేనానికైనా సిపాయికైనా పేరొక్కటే. ఇది మాత్రం నాకు నచ్చింది. చావులో హెచ్చుతగ్గులు లేవన్నమాటని ఒక ప్రభుత్వం కంచుమీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. చుట్టూ ‘స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం మరణించాడు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని అన్నిటికంటే అడుగున చూడండి. అక్కడ ఇంకో సింహం ఉంది, చిన్నది. అది ఒక డేగని పట్టుకుని చీలుస్తోంది. సింహం ఇంగ్లండు, డేగ జర్మనీ. కొడుకు పోయాడని తల్లికి పంపే బిళ్ళమీద కూడా కాట్లాట మానలేదు!

ఆ ఫలకం మీద దేశమాత ఉంది. కన్నమాత లేదు. ఎవరికి పంపారో ఆమె లేదు. అప్పట్లో పెన్నీ నాణెం మీద కూడా బ్రిటానియా బొమ్మే ఉండేది. అంచేత జనం దీనికి ‘చచ్చినవాడి పెన్నీ’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరులో ఎంత ఏడుపుందో, ఎంత ఎత్తిపొడుపుందో చూశారా? గోడకి తగిలించుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. తీసుకోకుండా తిప్పి పంపినవాళ్ళూ ఉన్నారు. వంటపాత్రలు తోముకున్నట్టు రోజూ తోమి తోమి పేరు అరిగిపోయేలా చేసుకున్న తల్లుల్ని నేను ఊహించుకోగలను. ఏం చేస్తుంది మరి? చేతులకి ఏదో పని కావాలి కదా!

ఈ ఫలకాలు మన దేశానికీ వచ్చాయి. ఆ యుద్ధానికి మనవాళ్ళు పది లక్షలమందికి పైగా సముద్రాలు దాటి వెళ్ళారు. దాదాపు 74 వేలమంది తిరిగి రాలేదు. ఎక్కువమంది పంజాబు పల్లెల వాళ్ళు. మన మద్రాసు సేపర్లు కూడా వెళ్ళారు. పంజాబులో గోధుమ చేలమధ్య ఒక ఇంటికి ఈ ఫలకం వచ్చిందనుకోండి. ఆ తల్లికి ఇంగ్లీషు రాదు. డేగకీ ఆమెకీ ఏ జన్మలోనూ తగువు లేదు. ఎవరో చదివి చెప్పాలి, “మీవాడు స్వేచ్ఛకోసం చనిపోయాడమ్మా” అని. ఏ సంవత్సరమనుకున్నారు? ఈ ఫలకాలు ఇళ్ళకి చేరడం మొదలైన 1919లోనే రౌలట్ చట్టం వచ్చింది. ఆ ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో జలియన్‌వాలాబాగ్ జరిగింది. ఆ తల్లి ఏ స్వేచ్ఛ అనుకోవాలి?

దీనికి తోడు ఇంకో రెండు పతకాలు. ఒకదానిమీద రెక్కల విజయలక్ష్మి. వెనకవైపు ‘నాగరికత కోసం జరిగిన మహాయుద్ధం’ అని రాసి ఉంటుంది. రెండోదానిమీద గుర్రంమీద దిగంబర వీరుడు. గుర్రం కాళ్ళకింద శత్రువుల డేగ గుర్తున్న డాలు, పుర్రె. మన కాసులపేరులోని సెంట్ జార్జి చుట్టమే, కాళ్ళకింది సర్పం ఒక్కటే మారింది. ఈ రెండో పతకం సైనికులకి వెండిది ఇచ్చారు. మూటలు మోసి, కందకాలు తవ్విన మన కూలిదళాల వాళ్ళకి కంచుది ఇచ్చారు. బొమ్మ ఒక్కటే. లోహంలో తేడా చూపించారు. చావులో లేని హెచ్చుతగ్గులు బతికినవాళ్ళ జీతంబత్తేల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ తలెత్తాయి.

“అయితే మీరేమంటారు? పోయినవాళ్ళకి గుర్తులే వద్దంటారా?” అని మీరడగొచ్చు. వద్దనను. పేరు నిలబెట్టుకోవాలన్న కోరికని తప్పనడానికి ఎవరికీ నోరు రాదు. నేనడిగేది ఒక్కటే. శత్రువు లేకుండా దుఃఖాన్ని చెక్కలేమా? తల్లిని దేవతని చెయ్యకుండా తల్లిగా చూపించలేమా?

చూపించిన ఆవిడ ఉంది. అదీ గోట్జ్ పుట్టిన జర్మనీలోనే, అదే యుద్ధంలో. ఆవిడ పేరు కేథె కోల్విట్జ్. బెర్లిన్‌లో పేదల పేటలో వైద్యం చేసే డాక్టరు భార్య, గొప్ప చిత్రకారిణి. ఆవిడ రెండో కొడుకు పీటర్. 1914లో యుద్ధం రాగానే వెళతానన్నాడు. పద్ధెనిమిదేళ్ళవాడు, తండ్రి సంతకం కావాలి. తండ్రి ససేమిరా అన్నాడు. తల్లే భర్తని బతిమాలి ఒప్పించింది. ఆ అక్టోబరులోనే పిల్లవాడు బెల్జియంలో చనిపోయాడు.

ఒక్కసారి ఆ తల్లి స్థానంలో నిలబడి చూడండి. ‘పంపింది నేనే’ అన్న మాట ఆమెని ఎన్ని రాత్రులు నిద్రపోనిచ్చి ఉంటుంది? ‘శత్రువు చంపాడు’ అనుకోవడం ఎంత తేలిక! డేగనో సింహాన్నో చెక్కి కసి తీర్చుకోవచ్చు. ఆవిడ ఆ పని చెయ్యలేదు. కొడుక్కి స్మారకం చెక్కాలని ఆ సంవత్సరమే మొదలుపెట్టింది. నచ్చక ఆపేసింది, మళ్ళీ మొదలుపెట్టింది. అది పూర్తయ్యేసరికి 1932 వచ్చింది. దాదాపు పద్ధెనిమిదేళ్ళు! కొడుకు ఎన్నేళ్ళు బతికాడో అన్నేళ్ళు.

మొదట్లో కొడుకు శరీరాన్ని పడుకోబెట్టి, తలదగ్గరా కాళ్ళదగ్గరా తల్లిదండ్రుల్ని పెట్టాలనుకుంది. చివరికి కొడుకుని తీసేసింది. మిగిలింది ఇద్దరే. రాతిలో మోకాళ్ళమీద కూచున్న తండ్రి, తల్లి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకోలేదు. వేరువేరు దిమ్మలమీద ఉన్నారు. తండ్రి చేతులు కట్టుకుని, విరిగిపోకుండా తనని తానే పట్టుకున్నట్టు నిటారుగా ఉన్నాడు. తల్లి వంగిపోయింది. జెండా లేదు, కత్తి లేదు, పూదండ లేదు. కింద నలిగే శత్రువు లేడు. ఆ ముఖాలు ఆవిడవీ, ఆవిడ భర్తవీ.

గోట్జ్ పతకానికి ఇంగ్లీషువాళ్ళు కాగితం మార్చి అర్థం మార్చారు గదా. ఈ విగ్రహాల పక్కన ఏ కాగితం పెట్టి అర్థం మారుస్తారో చెప్పండి! ఇంగ్లీషు తల్లి వచ్చి చూసినా అది ఆమెదే. పంజాబు తల్లి వచ్చి చూసినా ఆమెదే. ఏ ప్రచారశాఖకీ పనికిరాని బొమ్మ అది. గొప్ప కళకి ఉండాల్సిన గుణాల్లో ఇదొకటని నా నమ్మకం.

దీంతో యుద్ధాలు ఆగాయా అంటే, ఆగలేదు. రెండో యుద్ధంలో, 1942లో, ఆవిడ మనవడూ పోయాడు. వాడి పేరు కూడా పీటరే. ఆవిడ 1945 ఏప్రిల్లో, ఐరోపాలో ఆ యుద్ధం ముగియడానికి కొద్దిరోజుల ముందు కన్నుమూసింది. బొమ్మలు యుద్ధాన్ని ఆపలేవు. కాని యుద్ధానికి తోడ్పడే బొమ్మ ఏదో, తోడ్పడని బొమ్మ ఏదో మనం పోల్చుకోవచ్చు. అందుకు పెద్ద చదువులక్కర్లేదు. బొమ్మలో ఉన్నవాళ్ళని చూశాక, ఉండాల్సినవాళ్ళెవరు లేరో కూడా వెతకాలి. ఇంట్లో పదిమంది భోంచేసి లేచాక ఎవరు తినలేదో మనకి ఇట్టే తెలుస్తుంది. ఆ చూపు చాలు.

మనకీ యుద్ధాలొచ్చాయి, పోయాయి. పేపర్లలో, తెరలమీద మెరిసే బొమ్మలెన్నో వస్తుంటాయి. వాటిలో దేశమాత తప్పకుండా ఉంటుంది. కన్నమాత ఎక్కడుందో వెతకమని నా చెల్లెళ్ళకి నేను చెప్పేది.

ఆ తల్లిదండ్రుల విగ్రహాలు ఇప్పుడు బెల్జియంలో వ్లాడ్స్‌లో అనే చోట, జర్మన్ సైనికుల శ్మశానంలో ఉన్నాయి. వాటి ఎదుట నేలమీద పరిచిన పలకల్లో ఒకదానిమీద పీటర్ పేరుంది. అదొక్కటే విడిగా లేదు, అదే పలకమీద ఇంకా చాలామంది తల్లుల పిల్లల పేర్లున్నాయి.